ఫిర్యాదులేమీ లేవు

గోడమీద ఎర్ర అంకె పదిహేడుకు మారింది. తమ టోకెను ఇరవై మూడు. మధ్యలో ఇంకా అయిదుగురు లోపలికెళ్లి రావాలి, మనిషికి పది నిమిషాలేసుకున్నా గంట, గంటంటే కావలసినంత టైము అనుకుంది నర్సమ్మ, అనుకున్న మరుక్షణమే నలభై రోజులుగా తేలనిది గంటలో ఏం తేలుతుందనిపించింది. రిటైరై ఆరేళ్లయినా వీధిలో వాళ్లకి ఆమె ఇంకా నర్సమ్మే, ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా ముందు ఆ తలుపే తడతారు, ముప్పై ఒక్కేళ్లు వార్డుల్లో తిరిగిన కాళ్లు మరి. ఆ కాళ్లే ఇప్పుడు బెంచీ కింద ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో, చక్రాల కుర్చీలో అక్క, మెడ చుట్టూ బూడిదరంగు శాలువా, కళ్లు మూసుకుని. నిద్ర కాదు. నిద్రకూ నిద్ర కానిదానికీ తేడా ముప్పై ఒక్కేళ్లు చూసిన మనిషికి తెలియదా. ఒళ్లో అట్ట ఫైలు, ఫైల్లో అన్నిటికన్నా పైన ఆ కాగితం. వెన్నులోకి పాకిన జబ్బు ఇక తగ్గేది కాదని అందరికీ తెలుసు, అక్కకు అందరికన్నా ముందే తెలుసు, కానీ అయిదు రోజులు కరెంటు, అదే రేడియేషను, పెడితే నొప్పి దిగుతుంది, నిటారుగా కూర్చోవచ్చు, మనవరాలిని ఒళ్లో పెట్టుకోవచ్చు, మిగిలిన మూడు నెలలో నాలుగు నెలలో మనిషిలా గడపొచ్చు అన్నాడు డాక్టరు. అక్క వద్దులే అంది. రెండుసార్లడిగితే రెండుసార్లూ వద్దులే అంది. తెలిసే వద్దంటున్నానని రోగి సంతకం పెట్టాలి ఇవాళ, దానికింద సాక్షి సంతకం, అక్కడ నర్సమ్మ పేరు నిన్ననే ఎవరో గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టారు. సంతకం పడిందా, ఆ అయిదు రోజులూ ఇంకెవరికో ఇచ్చేస్తారు, అక్కను ఇంటికి తోలుకుపోవడమే.

నేల తుడిచిన మందు వాసన. ఈ వాసన తన ఒంటి వాసన ఒకప్పుడు, ఇంటికి రాగానే అక్క ముక్కు మూసుకుని ముందు స్నానం చేసి రావే అనేది, నీ దగ్గర జబ్బులన్నీ చచ్చిపోతాయి గానీ నేను కూడా చచ్చేట్టున్నాను అనేది. అక్క నోరు అలాంటిది. ముప్పై ఏళ్లు కారు నడపడం నేర్పిన నోరు. ఊళ్లో సగం మంది డ్రైవర్లు ఆ నోటికింద నలిగి బయటపడ్డవాళ్లే, బ్రేకు మేడమ్ అని పేరు పెట్టారు, ముందర కాదు లెండి, వెనకాల. ముందర అనే ధైర్యం ఎవరికుంది. కళ్లు నెత్తిమీదున్నాయా, ఇది మీ తాతగారి బండి అనుకున్నావా, స్టీరింగు పట్టుకోమంటే పీక పిసుకుతావేం అని అరుస్తూనే, ఆ అరుపుకు బెదిరిన వాడు చెయ్యబోయే తప్పుకు ముందే తన వైపున్న బ్రేకు తొక్కేసేది. నేర్పే బండిలో పక్క సీటుకింద కూడా ఒక బ్రేకుంటుంది. అక్క కాలికి అది ఎంత అలవాటయిందంటే ఏ బండెక్కినా, ఎవరు తోలుతున్నా, ఆ కాలు నేలను వెతుక్కుంటూనే ఉండేది, టాక్సీలో తొక్కేది, బస్సులో తొక్కేది, ఒకసారి నాటకానికెళ్లి స్టేజీమీద బండి బొమ్మ వేగంగా వస్తే కుర్చీలో కూర్చుని తొక్కింది. నవ్వలేక చచ్చారు ఆరోజు ఇద్దరూ. అలాంటి మనిషి నలభై రోజుల్నుంచి మాట్లాడ్డం లేదు. మాట్లాడ్డం లేదంటే ఊ అంటుంది, వద్దు అంటుంది, చాలు అంటుంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఎంత ధైర్యమమ్మా, ఎంత నిబ్బరం, ఋషిలా అయిపోయింది, అన్నీ వదిలేసుకుంది అని కళ్లొత్తుకుని పోతున్నారు. మౌనం అర్ధాంగీకారమంటారు, వీళ్లు ముప్పాతికకు పైగానే ఒప్పేసుకున్నారు అక్క తరఫున. నర్సమ్మ కూడా ఒప్పుకుంది. అందరికన్నా ముందు ఒప్పుకున్నది తనే, ఇందులో దాచుకోవడానికేముంది.

పద్దెనిమిది. ఎవరో పెద్దాయన ఎక్స్‌రే కవరుతో విసురుకుంటూ లేచాడు, లోపలికెళ్లేముందు జుట్టు సవరించుకున్నాడు. డాక్టరు దగ్గరికెళ్లేటప్పుడు జనం ఎందుకు తల దువ్వుకుంటారో. బాగున్నట్టు కనబడాలని. బాగాలేమని చెప్పడానికి వెళ్తూ. అక్క తల పొద్దున తనే దువ్వింది, ఎటు తిప్పితే అటు తిరిగింది ఆ తల, ఇదివరకైతే దువ్వెన లాక్కుని చేతిమీద ఒక్కటిచ్చేది. కారు అక్క కూతురు తోలింది. పక్క సీటు వెనక్కి వాల్చి, నడుముకింద దిండు పెట్టి అక్కను కూర్చోబెట్టారు, నర్సమ్మ వెనక కూర్చుంది, రెండు సీట్ల సందులోంచి అక్క మోకాలూ, ఊలు మేజోడు తొడిగిన పాదమూ కనబడుతున్నాయి. పెద్ద రోడ్డెక్కే మలుపులో ఇసుక లారీ ఒకటి ఎర్ర లైటును లెక్కచెయ్యకుండా అడ్డంగా దూసుకొచ్చింది. కూతురు బ్రేకు తొక్కింది, బండి జర్రున జారి ఆగింది, లారీ చక్రం కిటికీకి మూరెడు దూరంలో పోయింది, నర్సమ్మ కళ్లు మాత్రం ఆ పాదం మీదున్నాయి. పాదం కదల్లేదు. మేజోడులో వేళ్లు కూడా ముడుచుకోలేదు. అక్క కళ్లు తెరిచే ఉన్నాయి, లారీని చూస్తూనే ఉన్నాయి, బొమ్మ చూసినట్టు. ముప్పై ఏళ్ల కాలు అది. నిద్రలో కూడా తొక్కిన కాలు. కూతురు ఊపిరి పీల్చుకుని, తల్లి వైపు బిక్కుబిక్కుమంటూ చూసింది, తిట్టు కోసం, పదహారేళ్లప్పట్నుంచీ తిట్లు తింటూ నేర్చుకున్న పిల్ల, తిట్టు రాలేదు. అప్పుడు వెనక్కి తిరిగి, కళ్లలో నీళ్లు పెట్టుకుని, నవ్వి, "చూశావా పిన్నీ, అమ్మకి ఇన్నాళ్లకి నా డ్రైవింగ్ మీద నమ్మకం కుదిరింది" అంది.

ఆ మాట దగ్గర నర్సమ్మ లోపల ఏదో తెగింది. నమ్మకమా. ఆ పిచ్చి పిల్లకు ఏం చెప్తావు, తమను గేటు దగ్గర దింపి బండి పెట్టుకోవడానికి చోటు వెతుక్కుంటూ పోయింది, ఇంకా రాలేదు. కాళ్లలో బలం తగ్గిందేమో అని ముందు తన బుర్రే వకాల్తా పుచ్చుకుంది, జబ్బు వెన్నులో ఉంది కదా, నరం మీద ఒత్తిడి పడితే కాలు పనిచెయ్యదు కదా. కానీ బండి దిగి కుర్చీలో కూర్చున్నాక పాదం తనే ఎత్తి పెట్టుకుంది అక్క, నర్సమ్మ అరచెయ్యి అడ్డం పెట్టి తొక్కమంటే తొక్కింది, బలం నిక్షేపంలా ఉంది. నొప్పి మాత్రల మత్తేమో. మత్తులో కళ్లు అలా ఉండవు. మరి ధైర్యమేమో, చావుకు సిద్ధపడ్డ మనిషికి లారీ ఒక లెక్కా. ఏం ధైర్యం, పక్కన కన్నకూతురు తోలుతుంటే, ఆ పిల్లకు ఇంట్లో ఏడాది నిండని బిడ్డ ఉంటే, ఏ ధైర్యవంతురాలి కాలైనా కదులుతుంది. చావును ఒప్పుకున్న మనిషి కూడా పిల్ల కోసం బ్రేకు తొక్కుతుంది. తొక్కలేదంటే లోపల తొక్కే మనిషి లేదు. ఎటు పోయింది. ఎప్పుడు పోయింది. తను ఏ గదిలో ఉండగా పోయింది.

పందొమ్మిది. ఒకసారి ఒక పూట శిక్షణ అని పెట్టారు ఆసుపత్రిలో, పదేళ్ల కిందట, రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, సన్నగా పొడుగ్గా ఒక డాక్టరమ్మ వచ్చి చెప్పింది, నర్సమ్మ వెనక వరసలో కూర్చుని హాజరు సంతకం పెట్టి బిస్కెట్లు ఎప్పుడొస్తాయా అని చూసింది. అయినా చెవిలో పడినవి పడ్డాయి, ఇవాళ ఒక్కొక్కటీ పైకి తేలుతున్నాయి. తిండి సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం, నీరసం, వీటిని పట్టుకుని ఏమీ తేల్చలేరు, అవన్నీ కాన్సరూ చేస్తుంది అంది ఆవిడ. ఇష్టమైనది ఎదురుగా పెట్టి చూడండి, కళ్లు అటు తిరుగుతాయా లేదా. నేను అందరికీ బరువు అంటున్నారా, వినండి. దుఃఖపడే మనిషి ఏడుస్తాడు, మధ్యలో ఒక హాస్యానికి నవ్వుతాడు, మళ్లీ ఏడుస్తాడు, అది మామూలు. కుంగిపోయిన మనిషికి నవ్వూ రాదు, ఏడుపూ రాదు. చావు దగ్గరపడ్డ వాళ్లకు దిగులు సహజమే కదా అని వదిలెయ్యకండి, దీనికి మందుంది, నెలల్లో పోయే మనిషికి కూడా ఆ నెలలు తిరిగొస్తాయి, కాకపోతే ఎవరో ఒకరు కనిపెట్టాలి, అడగాలి. అడగాలట. అడగందే అమ్మయినా పెట్టదని అందరికీ నీతులు చెప్పిన నర్సమ్మ నలభై రోజుల్లో అక్కను ఏం అడిగింది. నొప్పి పదిలో ఎంత. విరేచనమయిందా. మాత్ర వేసుకున్నావా.

మనవరాలు. ఇష్టమైనది ఎదురుగా పెట్టి చూడండి. బోర్లాపడటం నేర్చిన రోజున దాన్ని తెచ్చి అక్క పక్కన పడుకోబెడితే, దుప్పటి అంచు చీకుతూ బోర్లాపడి ఊ ఊ అంటుంటే, అక్క గోడకేసి చూసింది. పాపం నడుం నొప్పి, ఇటు తిరగలేకపోతోంది అన్నారు అందరూ. అన్నది ఎవరు, అందరూ కాదు, నర్సమ్మే.

వార్డులో డ్యూటీ మారేటప్పుడు ఒకరు రిపోర్టు చెప్తారు, ఇంకొకరు రాసుకుంటారు. మూడో మంచం రాత్రంతా అరిచాడు, పావుగంట చెప్పేవాళ్లు అతని గురించి. ఆరో మంచం సూది పీకేసుకుంది, పది నిమిషాలు. తొమ్మిదో మంచం తాలూకు వాళ్లు గొడవపడ్డారు, అది కాసేపు. అరవని వాళ్లకు ఒకే ముక్క, ఫిర్యాదులేమీ లేవు. అలా రాస్తే తర్వాతి డ్యూటీ వాళ్లకు ప్రాణం లేచొచ్చేది, హమ్మయ్య, ఆ మంచం పని లేదు. ముప్పై ఒక్కేళ్లలో ఆ ముక్క ఎన్నిసార్లు రాసిందో. పదకొండో మంచం వడ్రంగి. వచ్చిన మొదటి వారం కుదురుగా ఉండేవాడు కాదు, మంచం పక్క స్టూలు కుంటుతోందని స్క్రూడ్రైవరు అడిగి ప్రాణం తీశాడు, నాలుగు అలమారాల తలుపులు బాగుచేశాడు, ఈ మంచాలు చేసినవాణ్ణి నాకు చూపించండమ్మా అని తిట్టాడు. రెండో వారం గోడవైపు తిరిగాడు. స్టూలు మళ్లీ కుంటింది, మందుగ్లాసు ఒరిగి దుప్పటి మీద పడింది, అతను చూడలేదు. మంచి పేషెంటయ్యాడు అనుకున్నారు నర్సులంతా. అతని భార్య వరండాలో నర్సమ్మ చెయ్యి పట్టుకుని, "ఈయన ఇలాంటి మనిషి కాదమ్మా, ఒక్కసారి చూడండి" అంది, ఆమె చేతులనిండా తడిపిండి ఆరిన మరకలు, ఏ పనిలోంచి పరిగెత్తుకొచ్చిందో. "ఈ జబ్బులో ఎవరికైనా దిగులుగానే ఉంటుందమ్మా, మీరే ధైర్యం చెప్పుకోవాలి" అని చెయ్యి విడిపించుకుంది నర్సమ్మ. ఆ మాట ఎంత తీరిగ్గా అంది. ఆ రాత్రి పుస్తకంలో ఏం రాసిందో గుర్తుచేసుకోనక్కర్లేదు. ఆ భార్యకు తెలిసింది, చదువుకున్న తనకు తెలియలేదు. ఇవాళ ఆమె ఎక్కడుందో, కనబడితే కాళ్లమీద పడదామన్నా కనబడదు. ఆ పదకొండో మంచం, దానికి ముందు ఇరవై రెండో మంచం ముసలమ్మ, పిల్లల వార్డు పక్క గది అబ్బాయి, నోరెత్తని వాళ్లంతా, గోడవైపు తిరిగిన వీపులన్నీ వరసగా వచ్చి ఈ వరండాలో ఎదురుగా కూర్చున్నట్టుంది, ఒక్కరూ ఇటు తిరగరు.

ఇరవై. ఫైలు తెరవకుండానే లోపలి కాగితాలు కనబడుతున్నాయి, రోజుకొకటి చొప్పున నలభై, నర్సమ్మ చేతిరాత, గళ్లు కొట్టి మరీ రాసింది, నిద్ర, తిండి, నొప్పి, చివరి గడి ఫిర్యాదులు. నలభై గళ్లలోనూ ఏమీ లేవు, ఏమీ లేవు, ఏమీ లేవు. డాక్టరు పోయినసారి వాటిని చూసి ఎంత పద్ధతిగా రాశారండీ అని మెచ్చుకున్నాడు, నర్సమ్మ ముఖం వెలిగింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన దానికన్నా అన్యాయం, తనసలు వెతకనే లేదు. ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఎవరికీ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు, ఈ బెంచీ మీద ఎవరో పీకపట్టుకుని అడుగుతున్నట్టుంది కాబట్టి ఒప్పుకోక తప్పదు. ఆ నలభై రోజులూ ఆమెకు హాయిగా ఉంది. అక్కకు జబ్బు తిరగబెట్టాక, తను ఒంటిమనిషి కాబట్టి పెట్టె సర్దుకుని అక్క ఇంటికొచ్చింది, మొదటి నెల నరకం చూపించింది అక్క, ఈ టీ తాగితే రోగం లేనివాడికి కూడా వస్తుందే, దుప్పటి అలా మడతపెడతారా ఎవరైనా, ఎన్నేళ్లు నర్సు పని చేశావే నువ్వు, సూదులు గుచ్చడం తప్ప ఏం నేర్పారు నీకు. తర్వాత ఒకరోజు టీ ఇస్తే తాగింది, ఏమీ అనలేదు. మర్నాడూ అనలేదు. నర్సమ్మ వంటింటి గట్టుమీద కూర్చుని తన టీ వేడిగా, తీరిగ్గా, మొదటిసారి ఆ ఇంట్లో ప్రశాంతంగా తాగింది. అక్క మునిగిపోతుంటే తను టీ తాగింది. ఇంతకన్నా ఏం చెప్పాలి.

పోనీ, అక్క అసలు నోరు విప్పలేదా అంటే విప్పింది. ఒకసారి. పక్క గుడ్డలు మారుస్తుంటే పైకప్పు చూస్తూ, "నీకు బరువైపోయానే" అంది. అంతకుమించి తలుపు ఎవరు తెరుస్తారు, బొట్టు పెట్టి పిలవాలా. "ఛ, ఊరుకో, ఏం మాటలవి" అంది నర్సమ్మ, అలవాటైన మాట, వేలమందికి చెప్పిన మాట, దిండు తట్టినంత సులువుగా వచ్చేసే మాట. అక్క ఊరుకుంది. అప్పట్నుంచీ ఊరుకునే ఉంది.

ఇరవై ఒకటి. వెళ్లి లోపల చెప్పేయాలి. ఏమని, ముప్పై ఒక్కేళ్లు నర్సుగా చేశానండీ, ఇంట్లో మనిషి కుంగిపోతే కనిపెట్టలేదండీ, కాలు బ్రేకు తొక్కలేదు కాబట్టి ఈ కాగితం చెల్లదండీ అనా. నవ్వుతాడేమో. నవ్వినా ఫర్వాలేదు. అక్క వద్దన్నది నిజంగా వద్దనుకుని అయితే, అది అక్క మాటే అయితే, తలొంచుకుని సాక్షి సంతకం పెట్టాలి, ఆ హక్కు ఆమెది. కానీ ఆ వద్దు అన్నది ఎవరు. మనవరాలిని చూడకుండా గోడ చూసింది ఎవరో, ఆ మనిషి అన్న మాట మీద అక్క సంతకం ఎలా తీసుకుంటారు. అడగాలి. ఇప్పుడే, ఇక్కడే. అడిగితే? నాకు బతకాలని లేదే అంటే ఏం చెయ్యాలి, దానికి ఈ చేతిసంచీలో ఏం మందుంది. వార్డులో ఎవరినీ అడగకపోవడానికి అసలు కారణం ఇదే కదా, టైము లేక కాదు, జవాబుకు భయపడి. నీళ్ల సీసా ఇద్దామా, ముందు నీళ్లు తాగావా అని అడిగి తర్వాత, అదిగో మళ్లీ నీళ్లు, మాత్రలు, విరేచనాలు. అంకె ఇరవై రెండుకు మారింది. ఎవరూ లేవలేదు. ఇరవై రెండు రాలేదు కాబోలు. లోపల్నుంచి మనిషి తల బయటపెట్టి రెండుసార్లు పిలిచి తలుపేసుకున్నాడు.

నర్సమ్మ బెంచీ దిగి కుర్చీ ముందు నేలమీద కూర్చుంది, మోకాళ్లు టకటకమన్నాయి, అటుపక్క కూర్చున్నవాళ్లు చూశారు.

"అక్కా. పొద్దున లారీ వచ్చింది చూశావా?"

కళ్లు తెరిచింది అక్క. "చూశాను."

"భయమెయ్యలేదా?"

టైమెంతయింది అన్నంత మామూలుగా, "గుద్దితే బాగుండనిపించింది" అంది. "పిల్ల తోలుతోందని తెలుసు. వెనకాల నువ్వున్నావని తెలుసు. అయినా అనిపించింది. నేనేం తల్లినే?"

ఊరుకో అనే మాట నర్సమ్మ నోటిదాకా వచ్చింది. పళ్లమధ్య పట్టి ఆపింది, కళ్లనీళ్లు ఆగలేదు. "ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?"

"ఏమో. పొద్దున లేచేసరికి గుండెలమీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. బుజ్జిదాన్ని తెచ్చి పక్కన పడుకోబెడతారు, ఎవరి పిల్లో అన్నట్టుంటుంది. నేను తొందరగా పోతే మీరంతా ఇంత తిండి తిని పడుకుంటారు కదా అనిపిస్తుంది."

"కరెంటు వద్దన్నది అందుకేనా?"

"అయిదు రోజులు ఎవరో ఒకరు మోసుకురావాలి కదే. దేనికోసం?"

"నాకెందుకు చెప్పలేదు?"

అక్క పెదవి వంకర పోయింది, నవ్వబోయిందో ఏడవబోయిందో, రెండూ రాలేదు. "ఏమని చెప్పను. వచ్చినవాళ్లంతా ఎంత ధైర్యం, ఎంత ధైర్యం అంటుంటే."

నర్సమ్మ ఆ మోకాళ్లమీద తల పెట్టేసింది. వరండా అంతా చూస్తోందని తెలుసు, చూడనీ. ముప్పై ఒక్కేళ్ల మాటలు ఒక్కటీ పనికిరాలేదు. దీనికి మందుందట అక్కా, కాగితం ఇవాళే పెట్టనక్కర్లేదు, ముందు దాని సంగతి చూద్దాం, తర్వాత కూడా వద్దంటే వద్దనే రాద్దాం అని శాలువాలోకి గొణిగింది. విన్నదో లేదో తెలియదు. ఇరవై మూడు వెలిగింది, లోపల్నుంచి మనిషి తల బయటపెట్టి పిలిచాడు. లేవబోతుంటే అక్క చెయ్యి వచ్చి నర్సమ్మ మణికట్టు పట్టుకుంది, ఎముకలు గుచ్చుకునేంత గట్టిగా.

"లోపలికెళ్లాక డాక్టరు, ఎలా ఉన్నారమ్మా అంటాడు. నేను బాగానే ఉన్నానంటాను. నాకు తెలుసు, నోట్లోంచి అదే వస్తుంది. సంతకం పెట్టమంటే పెట్టేస్తాను కూడా." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నా మాట వినకు."